మీ స్మార్ట్ పరికరానికి కంపెనీ సపోర్ట్ ఆపేస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

తెనాలిలో మా అమ్మ ఉంటున్న ఇంటి గేటు మీద 2019లో ఒక వైఫై కెమెరా పెట్టించాను. టెక్సస్‌లో ఉండే మా చెల్లి రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో దాన్ని తెరిచేది. ఇక్కడ అది పొద్దున ఏడు గంటల సమయం. అమ్మ ముగ్గేస్తూ కనిపించేది. పోయినేడు ఒకరోజు అది కనిపించడం మానేసింది. కరెంటు ఉంది, వైఫై ఉంది, కెమెరా మీద చిన్న లైటు కూడా వెలుగుతోంది. సర్వీసు మూసేస్తున్నామని కంపెనీ మూడు నెలల ముందే మెయిల్ పంపిందట. అది నా జీమెయిల్‌లో ప్రమోషన్ల కింద, చీరల డిస్కౌంట్ మెయిళ్ల మధ్య, తెరవకుండా పడి ఉంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అప్పట్నుంచి చుట్టాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

"సపోర్ట్ ఆపేస్తున్నాం" అంటే ఏంటి? ఆ రోజు నుంచి వస్తువు పనిచేయదా?

అదొక్కటే మాట గానీ, దాని వెనక మూడు వేర్వేరు సంగతులుంటాయి. మొదటిది, కొత్త అప్‌డేట్లు రావు. వస్తువు నిన్నటిలాగే నడుస్తుంది, మీకు తేడా కూడా తెలియదు. రెండోది, ఫోన్‌లోని యాప్ పోతుంది, వస్తువు మాత్రం చేత్తో నడుస్తుంది. ఇంట్లో వేడిని, చల్లదనాన్ని సర్దే గూగుల్ నెస్ట్ థర్మోస్టాట్ దీనికి మంచి ఉదాహరణ. 2011, 2012ల్లో వచ్చిన మొదటి రెండు తరాల థర్మోస్టాట్లకు 2025 అక్టోబర్ 25న సపోర్ట్ ఆపేశారు. గోడ మీది చక్రం తిప్పితే ఇల్లు ఇంకా వేడెక్కుతుంది, చల్లబడుతుంది. కానీ ఆఫీసు నుంచి ఫోన్‌లో మార్చడం కుదరదు. ఆ సౌకర్యం కోసమే కదా మామూలు దానికన్నా ఎక్కువ పెట్టి కొన్నది!

మూడోది అసలైన దెబ్బ. సర్వర్ (వస్తువును నడిపించే, కంపెనీ దగ్గరుండే కంప్యూటర్) మూసేస్తారు, వస్తువు మొత్తం చచ్చిపోతుంది. అమెరికాలో రివాల్వ్ అనే కంపెనీ ఇంట్లోని లైట్లు, తాళాలు అన్నీ ఒకచోట నుంచి నడిపే హబ్ అమ్మింది. ధర దాదాపు 300 డాలర్లు. 2014లో నెస్ట్ దాన్ని కొనేసింది. 2016 మే 15న సర్వర్ ఆపేసింది. హబ్ పాడవలేదు, చిప్ కాలలేదు. ఆ రోజు నుంచి అది టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా, అంతే.

మెయిల్ వచ్చినప్పుడు ముందు ఈ మూడింట్లో ఏదో తేల్చుకోండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

నా డబ్బులిచ్చి కొన్నాను, బిల్లు కూడా ఉంది. నా ఇంట్లో ఉన్నదాన్ని వాళ్లెలా ఆపగలరు?

బిల్లు డబ్బాకి మాత్రమే. పని సగం వేరేచోట జరుగుతోంది.

హాల్లో సోఫా మీద కూర్చుని, పది అడుగుల దూరంలో ఉన్న స్మార్ట్ బల్బును ఫోన్‌లో నొక్కి వెలిగించారనుకోండి. ఆ మాట ఫోన్ నుంచి సూటిగా బల్బుకి వెళ్తుందనుకుంటాం. చాలా బ్రాండ్లలో అలా వెళ్లదు. ముందు మీ రూటర్‌కి, అక్కణ్నుంచి ఇంకో ఊళ్లోనో ఇంకో దేశంలోనో ఉన్న కంపెనీ సర్వర్‌కి, మళ్లీ వెనక్కి మీ ఇంటికి, చివరికి బల్బుకి వెళ్తుంది. అర సెకను కూడా పట్టదు కాబట్టి మనకు తెలియదు. ఎదురింటావిడకి చెప్పాల్సిన మాట విజయవాడలో చుట్టానికి ఫోన్ చేసి చెప్పించినట్టు. ఆ చుట్టం ఫోన్ ఎత్తడం మానేస్తే, ఎదురింట్లో ఉన్నా మాట అందదు.

మీ ఇంట్లో ఏది ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. ఈసారి నెట్ పోయినప్పుడు (మన దగ్గర దీనికోసం ఎక్కువ రోజులు ఎదురుచూడక్కర్లేదు) ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫై మీదే ఉండి, ఒక్కో వస్తువు యాప్‌లో నొక్కి చూడండి. పనిచేసినవి మీవి. పనిచేయనివి కంపెనీ దయ మీద నడుస్తున్నవి. నేను మా ఇంట్లో చూస్తే ఏడింట్లో రెండే పనిచేశాయి.

ఎందుకు ఆపేస్తారు? లాభాల కోసమేనా?

కొంత అదే. కానీ లెక్క మొదట్నుంచే తప్పు. బల్బు ఒకసారి 600 రూపాయలకు అమ్ముతారు. దాని కోసం సర్వర్ అద్దె, ఇంజనీర్ల జీతాలు నెలనెలా కట్టాలి. కొత్త బల్బులు అమ్ముడవుతున్నన్నాళ్లూ ఆ డబ్బుతో పాతవాటి ఖర్చు నడుస్తుంది. అమ్మకాలు తగ్గిన రోజు పాత కస్టమర్ భారమవుతాడు. అప్పుడు కొందరు నెలవారీ చందా పెడతారు. 2020 మేలో వింక్ అనే అమెరికన్ కంపెనీ అదే చేసింది. నెలకు 4.99 డాలర్లు కట్టండి, లేకపోతే మీ హబ్ పనిచేయదు అని వారం రోజుల గడువిచ్చింది. జనం గోల చేస్తే గడువు పొడిగించింది గానీ చందా మాత్రం వదల్లేదు.

ఇంకో కారణం కొనుగోళ్లు. పెద్ద కంపెనీ చిన్నదాన్ని కొనేది చాలాసార్లు దాని ఇంజనీర్ల కోసం, పేటెంట్ల కోసం. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, వాళ్లు చేతికొచ్చాక పాత వస్తువుని, దాన్ని కొన్నవాళ్లని వదిలేస్తారు. రివాల్వ్ కథ అదే. హ్యూమేన్ అనే కంపెనీ 699 డాలర్లకు అమ్మిన, చొక్కాకి తగిలించుకుని మాటలతో నడిపే ఏఐ పిన్ కథా అంతే. 2025 ఫిబ్రవరిలో హెచ్‌పీ ఆ కంపెనీ ఆస్తులను 116 మిలియన్ డాలర్లకు కొంది. పది రోజుల్లో, ఫిబ్రవరి 28న, జనం చొక్కాలకు పెట్టుకున్న పిన్నులన్నీ మూగబోయాయి.

దివాలా తీసిన కంపెనీల సంగతి వేరే. అక్కడ తిట్టడానికి కూడా ఎవరూ మిగలరు.

పెద్ద బ్రాండ్ కొంటే ఈ గొడవ ఉండదు కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. గూగుల్ 2024 ఏప్రిల్ 8న డ్రాప్‌క్యామ్ కెమెరాలను, నెస్ట్ సెక్యూర్ అలారం సిస్టమ్‌ను ఒకేరోజు ఆపేసింది. అమెజాన్ హాలో అనే హెల్త్ బ్యాండ్ తెచ్చి 2023 ఆగస్టులో మూసేసింది. బెల్కిన్ తన వెమో స్మార్ట్ ప్లగ్గుల్లో చాలావాటికి 2026 జనవరి 31న సపోర్ట్ తీసేసింది. స్పాటిఫై కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకునే కార్ థింగ్ అనే చిన్న స్క్రీన్ తెచ్చింది. 2022లో అమెరికా మార్కెట్లో అందరికీ దొరికింది, 2024 డిసెంబర్ 9న పనిచేయడం మానేసింది. మూడేళ్లు నిండలేదు. మన ఇళ్లలో మిక్సీకి ఇంతకన్నా ఎక్కువ ఆయుష్షు ఉంటుంది.

పెద్ద కంపెనీతో ఉన్న లాభం ఒకటే: గోల పెడితే వినపడుతుంది. స్పాటిఫై మొదట్లో "డిస్పోజ్ చేసుకోండి" అంది. తిట్లు తిన్నాక, బిల్లు చూపించినవాళ్లకు డబ్బు తిరిగిస్తామంది. పేరు తెలియని చిన్న బ్రాండయితే ఆ మాట అడగడానికి నంబరే దొరకదు.

"లైఫ్‌టైమ్ ఫ్రీ" అని డబ్బా మీద ఉంది. ఎవరి లైఫ్?

వాళ్లది. రివాల్వ్ కూడా లైఫ్‌టైమ్ సర్వీసు అనే అమ్మింది.

మా దాన్ని ఎవరూ ఆపలేదు, మెయిల్ కూడా రాలేదు. పొద్దున లేచేసరికి పనిచేయట్లేదు. ఎందుకు?

ఇది విచిత్రమైన జబ్బు. ఇంటర్నెట్ వస్తువులు సర్వర్‌తో మాట్లాడే ముందు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి సర్టిఫికెట్ అనే డిజిటల్ గుర్తింపు పత్రం చూసుకుంటాయి. మన డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్నట్టే దాని మీదా ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. తయారుచేసినప్పుడు పదేళ్లకు వేసి, పదేళ్ల తర్వాత సంగతి ఎవరు చూడొచ్చారులే అనుకుంటారు.

2025 మార్చి 9న సరిగ్గా ఇదే జరిగింది. ప్రపంచవ్యాప్తంగా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (ఫోన్‌లోని వీడియోలను టీవీలో చూపించే గూగుల్ పరికరాలు), క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒక్కసారిగా నమ్మదగని పరికరం అంటూ మొరాయించాయి. పదేళ్ల సర్టిఫికెట్ గడువు తీరింది, గూగుల్‌లో ఎవరూ గమనించలేదు. జనం అలవాటు ప్రకారం రీసెట్ నొక్కడం మొదలుపెట్టారు. గూగుల్ వెంటనే, దయచేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి అని చెప్పింది. కొద్ది రోజుల్లో మరమ్మతు పంపింది. రీసెట్ చేయనివాళ్లకు దానంతటదే బాగైంది, చేసినవాళ్లు ఇంకొన్నాళ్లు తిప్పలు పడ్డారు. ఈ రీసెట్ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానికే వస్తాను.

నెట్‌వర్క్ పోవడం ఇంకో కారణం. లోపల 2జీ, 3జీ సిమ్ ఉన్న వస్తువులు ఆ నెట్‌వర్క్‌తో పాటే పోతాయి. బ్రిటన్‌లో 2016కు ముందు తయారైన నిస్సాన్ లీఫ్ కార్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి యాప్ ఆగిపోయింది. అక్కడ 2జీ ఎత్తేయబోతున్నారన్నది కంపెనీ చెప్పిన కారణం. కారు నడుస్తుంది, ఫోన్‌లోంచి ఛార్జింగ్ చూడటం, ముందే హీటర్ వేయడం కుదరవు.

అప్‌డేట్లు రావు, అంతే కదా. పనిచేస్తోంటే వాడుకోవచ్చుగా?

వస్తువును బట్టి. బల్బయితే వాడుకోండి, నేనూ వాడుతున్నాను. రూటర్, కెమెరా, ఫైళ్లు దాచుకునే స్టోరేజ్ డబ్బా అయితే వద్దనే చెబుతాను.

వెస్ట్రన్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అనే హార్డ్ డిస్క్ ఉండేది. ఇంట్లో రూటర్‌కి తగిలించి ఫొటోలన్నీ అందులో పెట్టుకునేవారు. 2015 తర్వాత దానికి అప్‌డేట్లు లేవు. అయినా బాగానే నడిచింది, అందుకే ఎవరూ తీసేయలేదు. 2021 జూన్‌లో ఒకరోజు జనం చూసుకుంటే డిస్కులు ఖాళీ. పాత లోపాలు పట్టుకుని ఎవరో దూరి, ఫ్యాక్టరీ రీసెట్ నొక్కి పోయారు. పిల్లల చిన్నప్పటి ఫొటోలు, పెళ్లి వీడియోలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2024 ఏప్రిల్‌లో పాత డీ-లింక్ స్టోరేజ్ డబ్బాల్లో కూడా ఇలాంటి లోపం బయటపడింది. ఇంటర్నెట్‌కు నేరుగా కనిపిస్తున్నవే 92 వేలకు పైగా ఉన్నాయన్నారు. సపోర్ట్ ముగిసింది, లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ ఇవ్వం, మార్చేయండి అని కంపెనీ చెప్పేసింది.

రూటర్ల విషయం ఇంకా మోసకారి. 2025 మేలో అమెరికా ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక ఇచ్చింది. సపోర్ట్ అయిపోయిన పాత రూటర్లలోకి దొంగలు దూరి, వాటిని అద్దెకిస్తున్నారట. అంటే ఎవడో చేసిన మోసం మీ ఇంటి కనెక్షన్ నుంచి జరిగినట్టు కనిపిస్తుంది. మీకు మాత్రం నెట్ కాస్త నెమ్మదించినట్టు అనిపిస్తుందేమో, అంతకుమించి ఏమీ తెలియదు.

మా రూటర్ ఫైబర్ కనెక్షన్ వాళ్లే ఇచ్చారు.

అయితే మార్చాల్సిందీ వాళ్లే. డబ్బా అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరుంటుంది, ఫొటో తీసి కస్టమర్ కేర్‌ని అడగండి. ఐదారేళ్లు దాటి ఉంటే కొత్తది ఇమ్మనండి. గట్టిగా అడిగితే చాలామంది ఉచితంగానే ఇస్తారు, వైఫై కూడా మెరుగవుతుంది.

స్మార్ట్ టీవీలో యాప్‌లు ఒక్కొక్కటే పోతున్నాయి. టీవీ మార్చాలా?

అక్కర్లేదు. ప్యానెల్ బాగుంటే దాన్ని ఉత్త స్క్రీన్‌గా చూడండి. వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో యాప్‌లు నడిపే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి పెట్టుకోండి, టీవీకి ఇచ్చిన వైఫైని తీసేయండి. స్టిక్ పాతబడితే మూడు నాలుగు వేలల్లో పోతుంది, నలభై వేల టీవీ మిగులుతుంది. నన్నడిగితే కొత్త టీవీ కొనేటప్పుడు కూడా బొమ్మ, సౌండ్ చూసి కొనాలి. లోపలున్న స్మార్ట్ సగం ముందు ముసలిదవుతుంది.

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లదీ ఇదే కథేనా?

కొంచెం నయం, కనీసం తేదీ ముందే చెబుతున్నారు. పిక్సెల్ 8 నుంచి గూగుల్, గెలాక్సీ ఎస్24 నుంచి శాంసంగ్ తమ ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. పదిహేను వేల ఫోన్లకు ఆ మాట వర్తించదు, కొనేముందు మోడల్ పేరుతో చూసుకోండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న సపోర్ట్ అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకున్న ఇళ్లలోని కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి.

"సర్వీసు ముగుస్తోంది" అని మెయిల్ వచ్చింది. ముందు ఏం చేయాలి?

ముందు ఏం చేయకూడదో చెబుతాను, ఎందుకంటే నేను అదే చేశాను.

మా అమ్మ కెమెరా ఆగినప్పుడు సంక్రాంతికి ఊరెళ్లాను. నిచ్చెన వేసుకుని ఎక్కి, గుండుపిన్నుతో వెనక ఉన్న చిన్న రంధ్రంలో పది సెకన్లు నొక్కాను. కెమెరా ఆడగొంతుతో ఇంగ్లిష్‌లో "రెడీ టు కనెక్ట్" అంది. సంతోషపడ్డాను. యాప్ తెరిచి, ఫోన్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్ లెన్స్ ముందు పట్టాను. టింగుమంది. తర్వాత ఒక చక్రం తిరుగుతూ ఉండిపోయింది. కొత్తగా చేరిన కెమెరాను నమోదు చేసుకోవాల్సిన సర్వర్ లేదు. నేను రీసెట్ చేయకముందు అందులో కనీసం మెమరీ కార్డులోకి రికార్డింగ్ అవుతోంది. అది నాకు తర్వాత తెలిసింది. వైఫై పేరు, సమయం, సెట్టింగులు అన్నీ తుడిచిపెట్టుకుపోయాక ఆ రికార్డింగూ ఆగింది. నా చేత్తో నేనే చంపాను.

కాబట్టి, రీసెట్ వద్దు. యాప్ తీసేసి మళ్లీ వేయొద్దు, ప్లే స్టోర్‌లో తర్వాత దొరక్కపోవచ్చు. లాగౌట్ కూడా అవ్వద్దు. కొత్త ఫోన్‌కి మారినా పాత ఫోన్‌లో ఆ యాప్ అలాగే ఉంచండి.

ఇక చేయాల్సినవి. క్లౌడ్‌లో ఉన్న వీడియోలు, ఆరోగ్య లెక్కలు గడువులోపు దించుకోండి. నెలనెలా కార్డు నుంచి కట్ అయ్యే చందా ఉంటే ఆపండి, సర్వీసు పోయినా కొన్నిసార్లు డబ్బు పోతూనే ఉంటుంది. మెయిల్‌ని, బిల్లుని, సర్వీసు గురించి రాసి ఉన్న డబ్బా ఫొటోని ఒక ఫోల్డర్‌లో పెట్టండి. వేరే దారిలో నడిపే వీలుంటే గడువులోపే మార్చుకోండి. వెమో ప్లగ్గుల్లో కొన్ని యాపిల్ వాళ్ల స్మార్ట్ హోమ్ వ్యవస్థ హోమ్‌కిట్‌తో ఇంకా నడుస్తాయి, కానీ గడువుకు ముందే అందులో కలుపుకోవాలని బెల్కిన్ చెప్పింది. తర్వాత మేల్కొన్నవాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది.

చచ్చిపోయినదాన్ని మళ్లీ బతికించొచ్చా?

కొన్నిటిని. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ పెబుల్ వాచీది. 2012లో జనం దగ్గర కోటి డాలర్లకు పైగా చందాలు పోగేసి మొదలైన స్మార్ట్ వాచీ అది. 2016 డిసెంబర్‌లో కంపెనీ మూతపడింది, ఫిట్‌బిట్ కొంది. 2018 జూన్ 30న సర్వర్లు ఆగాయి. కానీ వాచీని ప్రేమించిన ప్రోగ్రామర్లు రెబుల్ పేరుతో సొంత సర్వర్లు పెట్టి నడిపించారు. తర్వాత ఫిట్‌బిట్‌ని గూగుల్ కొంది. 2025 జనవరిలో గూగుల్ ఆ వాచీ సాఫ్ట్‌వేర్‌ని అందరికీ తెరిచి ఇచ్చేసింది. దాంతో పెబుల్ పెట్టినాయనే మళ్లీ కొత్త వాచీలు చేయడం మొదలుపెట్టాడు.

ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ 2022 ఏప్రిల్‌లో మాటా పలుకూ లేకుండా సర్వర్లు ఆపేస్తే, రెండు నెలల్లో దాని వాడకందారులే కొందరు కలిసి దాన్ని కొనేసి సర్వర్లు తెరిచారు. బోస్ కంపెనీ సౌండ్‌టచ్ స్పీకర్ల క్లౌడ్‌ని 2026 ఫిబ్రవరిలో ఆపుతామంది. విమర్శలొచ్చాక గడువు మే 6కి జరిపి, బయటివాళ్లు సొంతంగా యాప్‌లు రాసుకునేలా సాంకేతిక వివరాలు విడుదల చేసింది. చేతులెత్తేయడంలో కూడా మర్యాద ఉంటుందని చూపించిన కొద్దిమందిలో వీళ్లొకరు.

మన ఇళ్ల సంగతికొస్తే: వైఫై కెమెరాలో ఆన్‌విఫ్ లేదా ఆర్‌టీఎస్‌పీ అనే సౌకర్యం ఉంటే, కంపెనీ యాప్ లేకపోయినా వేరే కంపెనీ రికార్డర్ బాక్సుకి కలపొచ్చు. ఊళ్లో సీసీటీవీ బిగించే కుర్రాళ్లకు ఈ పేర్లు బాగా తెలుసు. కొన్ని రకాల స్మార్ట్ స్విచ్‌లలో టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి సర్వర్ అవసరం లేకుండా చేసుకోవచ్చు. కాకపోతే స్విచ్ విప్పి వైర్లు కలపాలి, లోపల 230 వోల్టులుంటాయి. మెయిన్ ఆపి, ప్లగ్ పీకాకే ముట్టుకోండి. పాత రూటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, ఇంట్లో అన్నిటినీ ఒకచోట నడపడానికి హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఓపిక, కొన్ని ఆదివారాలు కావాలి. అవి లేనివాళ్లు ఈ దారి పట్టొద్దనే నా సలహా.

ఒంట్లో పెట్టే పరికరాలకు కూడా ఇలా జరుగుతుందా?

జరిగింది. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ 2 అనే కృత్రిమ రెటీనా తయారుచేసింది. చూపు పోయినవాళ్ల కంట్లో ఆపరేషన్ చేసి పెడతారు, కళ్లద్దాల మీది కెమెరా నుంచి దానికి సంకేతాలు వెళ్తాయి. పూర్తి చూపు కాదు, వెలుగునీడల ఆకారాలు. ప్రపంచంలో 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ ఆ వ్యాపారం వదిలేసింది, 2020లో దివాలా అంచుకు వెళ్లింది. కంట్లో ఉన్నది పాడైతే బాగుచేసేవాళ్లు లేరు. అలాగని తీయించాలన్నా మళ్లీ ఆపరేషనే. వాళ్లలో కొందరి గతి 2022లో ఒక ఇంజనీరింగ్ పత్రిక రాసేదాకా బయటి లోకానికి పెద్దగా తెలియలేదు. మన బల్బుల గోల దీనిముందు ఎంత!

డబ్బు వెనక్కి అడగొచ్చా? మన చట్టం ఏమంటుంది?

అడగొచ్చు. ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇచ్చి తీరాలని స్మార్ట్ వస్తువులకు ప్రత్యేకమైన చట్టం మనకు లేదు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన, అన్యాయపు వ్యాపార పద్ధతి అనే మూడు కోణాల్లో ఫిర్యాదు చేయొచ్చు. ముందు కంపెనీకి మెయిల్ రాయండి, ఫోన్‌లో అరవడం వల్ల సాక్ష్యం మిగలదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు, మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి.

నిజం చెప్పాలంటే, రెండువేల కెమెరాకి కమిషన్ చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు, కంపెనీల ధైర్యం కూడా అదే. యాభై వేల రోబో వాక్యూమో, తాళం వ్యవస్థో అయితే మాత్రం వదలొద్దు. మొన్నే కొన్నారా, "ఆపేస్తున్నామని తెలిసీ నాకు అమ్మారు" అన్న వాదన చాలా బలమైనది.

వేరే దేశాల్లో ఎలా ఉంది?

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్ వస్తువు అమ్మేవాళ్లు కనీసం ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో ముందే చెప్పి తీరాలి. ఎంతకాలం అన్నది వాళ్లిష్టం, చెప్పడం మాత్రం తప్పనిసరి. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు వేసింది. 2027 డిసెంబర్ 11 నుంచి పూర్తిగా అమలయ్యే కొత్త చట్టం ప్రకారం మామూలుగా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. అమెరికాలో అలాంటిది లేదు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024లో 184 ఉత్పత్తుల వెబ్ పేజీలు చూస్తే, దాదాపు 89 శాతం వాటిల్లో సపోర్ట్ ఎన్నాళ్లో రాసే లేదు. అమెరికా నుంచి అన్నయ్యో అక్కో తెచ్చే గాడ్జెట్లకు ఇది గుర్తుంచుకోండి. వాటికి ఇక్కడ వారంటీ కూడా చాలాసార్లు ఉండదు.

కొనేముందు షాపువాణ్ని ఏం అడగాలి?

"నెట్ లేకపోతే పనిచేస్తుందా?" ఇదొక్కటీ అడగండి. తెలియదంటే, ఆన్‌లైన్‌లో ఒకటి రెండు స్టార్ల రివ్యూలు చదవండి, అసలు సంగతులు అక్కడే ఉంటాయి. స్విచ్ అయితే గోడ మీద చేత్తో నొక్కే బటన్ ఉండాలి. తాళమైతే మామూలు తాళంచెవి ఉండాలి. ఎలక్ట్రిక్ స్కూటరైతే ఫోన్ లేకుండా స్టార్ట్ అవ్వాలి. డబ్బా మీద మ్యాటర్ గుర్తు ఉంటే మంచిదే. 2022లో వచ్చిన ఈ ఉమ్మడి ప్రమాణం ప్రకారం వస్తువులు ఇంటి వైఫై లోపలే మాట్లాడుకోగలవు, ఒక కంపెనీ పోయినా ఇంకో యాప్‌తో నడపొచ్చు. కెమెరా అయితే మెమరీ కార్డు పెట్టుకునే చోటు, పైన చెప్పిన ఆన్‌విఫ్.

పాతదాన్ని ఏం చేయాలి?

ఇప్పుడు రీసెట్ చేయొచ్చు! అకౌంట్‌లోంచి తీసేయండి, మెమరీ కార్డు లాగేయండి, మీ వైఫై పాస్‌వర్డ్ లోపల ఉండనివ్వద్దు. తర్వాత ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. పాత సామాన్ల బండికి వేస్తే రాగి కోసం కాల్చేస్తారు.

ఇంతకీ మీ అమ్మగారి కెమెరా ఏమైంది?

పక్కనే నాలుగు కెమెరాల బాక్సు పెట్టించాను, రికార్డింగ్ అంతా ఇంట్లోని హార్డ్ డిస్కులోకే. చెల్లికి మళ్లీ ముగ్గు కనిపిస్తోంది. పాతదాన్ని విప్పేద్దామని నిచ్చెన తెస్తే అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీరా, అది పనిచేయట్లేదని దొంగకేం తెలుసు?" అంది. ఇంకా గేటు మీదే ఉంది, లైటు కూడా వెలుగుతోంది.